శ్రమ అన్న మాట

(1996 తుపానులో పోయినవారి సంస్మరణగా నవంబరు 6 సాయంత్రం అమలాపురంలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



స్మారకోపన్యాసమంటే మామూలుగా ఒక పెద్దమనిషి పేరుమీద జరుగుతుంది. ఫోటోకి దండ వేస్తారు. కుటుంబసభ్యులు ముందు వరసలో కూర్చుంటారు. ఆయనతో తనకున్న పరిచయం ఎంతటిదో వక్త చెప్పుకుంటాడు. ఈ వేదికమీద ఫోటో లేదు. మనం తలుచుకుంటున్నవాళ్ళలో చాలామందికి బతికుండగా ఫోటో దిగే సందర్భమే రాలేదు. 1996 నవంబరు 6, బుధవారం రాత్రి. దీపావళి నాలుగు రోజులుందనగా. కాకినాడకి దక్షిణంగా తీరం దాటిన గాలికి, దాని వెంట వచ్చిన ఉప్పెనకి పోయినవాళ్ళు వెయ్యిమందికి పైనే. భైరవపాలెం, బలుసుతిప్ప వైపునుంచి వేటకు వెళ్ళినవాళ్ళలో ఎందరో తిరిగి రాలేదు. శవం దొరికితే మృతుడు, దొరక్కపోతే గల్లంతు. రికార్డుకి ఈ రెండు మాటలు చాలు. గల్లంతైనవాడి భార్య బొట్టు ఉంచుకోవాలో తీసెయ్యాలో ఏ రికార్డూ చెప్పదు.

"బాధ, విశ్వాసం, లేఖనం" గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను వేదాంత కళాశాల మెట్లెక్కినవాణ్ణి కాను. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకని నాకు తెలిసిన దారిలోనే, మాటలు పట్టుకుని వెళతాను.

తెలుగు బైబిల్లో బాధకు తరచుగా కనిపించే మాట 'శ్రమ'. ఈ లోకంలో మీకు అది తప్పదని యేసు శిష్యులకు చెప్పిన చోట ఆ మాటే. దానివల్ల ఓర్పు అలవడుతుందని పౌలు రోమా సంఘానికి రాసిన చోటా ఆ మాటే. సిలువ బాధని క్రీస్తు శ్రమలంటాం. లెంటు నలభై రోజుల్ని శ్రమ దినాలంటాం. మందిరం గుమ్మం దాటి వీధిలోకి వస్తే అదే మాటకు అర్థం మారిపోతుంది. బయట శ్రమ అంటే పని, ఒళ్ళు వంచి చేసే పని. బైబిల్లో ఆ పనికి వేరే మాట ఉంది, ప్రయాస. బరువులు మోసేవాళ్ళని తన దగ్గరికి రమ్మని యేసు పిలిచిన చోట చూడండి, అక్కడ శ్రమ లేదు, ప్రయాస ఉంది.

మా నాన్న దింపు కూలీ. రాజోలు చుట్టుపక్కల తోటల్లో చెట్టెక్కి కాయ దింపడం ఆయన పని. ఆదివారం సంఘపెద్ద. మా చిన్నతనంలో మా పేటకి ఇద్దరొచ్చి మీటింగులు పెట్టేవారు. ఎర్రజెండా వాళ్ళొచ్చి శ్రమ అంటే కూలి, దాన్ని ఎవరో తినేస్తున్నారు అనేవారు. అయ్యగారొచ్చి శ్రమ అంటే శోధన, దాన్ని సహించాలి అనేవారు. నాన్న రెండు మీటింగులకీ వెళ్ళేవాడు, రెండు చోట్లా తలూపేవాడు. "ఇద్దరూ చెప్పేది ఒకటేనేంట్రా?" అని ఒకసారి నన్నడిగాడు. కాదని ఓ అరగంట వివరించాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే అంత ధైర్యంగా కాదనలేను.

ఈ మాట మనకి ఎక్కడినుంచి వచ్చిందో కొంచెం చూద్దాం. విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్ళు, బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవుడైన ఆనందరాయరు సాయంతో తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎన్నో చేతులు పడ్డాయి. మన డెల్టాకి వాక్యం వచ్చింది 1836 తర్వాత. ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు, ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఓడెక్కి వచ్చి, నరసాపురం, పాలకొల్లు వైపు కుదురుకున్నారు. గోదావరి డెల్టా మిషన్‌కి మొదలు అదే. వాళ్ళొచ్చిన మూడేళ్ళకే, 1839 నవంబరులో, కోరింగ రేవుని ఉప్పెన ఊడ్చేసింది. నవంబరు నెలకి మనతో పాత లెక్కలున్నాయి.

1847లో కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టినప్పుడు అక్కడ చేరిన వేలాది కూలీల మధ్య ఈ మిషనరీలు తిరిగి వాక్యం చెప్పారు. పొద్దుటినుంచీ రాయి మోసిన మనిషి దగ్గరికెళ్ళి, నీకు శ్రమ కలుగుతుంది అంటే ఏమని ఉంటాడు? "తెలుసండి. పొద్దుటినుంచీ అదేనండి" అని ఉంటాడు. ఆనకట్ట 1852కల్లా పూర్తయింది. ఆ నీళ్ళతో ఈ సీమ పచ్చబడింది. భూమి ఉన్నవాడు బాగుపడ్డాడు. రాయి మోసినవాడి మనవడు ఆ పచ్చదనంలోనే కూలికెళ్ళాడు. కాటన్ దొరని నేను తక్కువ చెయ్యడం లేదు, ఆయన లేకపోతే ఈ సభ పెట్టుకోవడానికి ఇక్కడ ఊరుండేది కాదేమో. ప్రసంగాల్లో సగమే చెబుతాం కదా, మిగతా సగం కూడా ఉందంటున్నాను, అంతే.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. అది చెప్పకుండా ఈ ఉపన్యాసం ఒప్పుకోకూడదనుకున్నాను.

తుపాను నాటికి నాకు ముప్పై దాటాయి. ఉద్యోగంలో ఉన్నాను, బాగా మాట్లాడతానని పేరుంది. మా పేటలో ఒకామెకి ఒక్కడే కొడుకు. గాలికి కొబ్బరిచెట్టు ఇంటిమీద పడి, గోడ కూలి, దాని కింద పోయాడు. పందొమ్మిదేళ్ళు. సమాధి అయిన రెండో రోజునో మూడో రోజునో ఆ ఇంట్లోనే ఆదరణ కూటం పెట్టారు. ఇల్లంటే మూడు గోడలు, పైన ఎవరో తెచ్చిన పట్టా. దారులు మూసుకుపోయి అయ్యగారు రాలేకపోతే వాక్యం చెప్పమని నన్ను లేపారు. లేచాను. దేవుణ్ణి ప్రేమించేవాళ్ళకి అన్నీ సమకూడి మేలుకే జరుగుతాయన్న రోమా పత్రిక మాట ఎత్తుకుని ఇరవై నిమిషాలు మాట్లాడాను. చక్కగా మాట్లాడాననే అనుకున్నాను. ప్రార్థన అయ్యాక ఆమె నా దగ్గరికొచ్చింది.

"మేష్టారూ, మీ పిల్లలు బాగున్నారా అండీ?"

"ఆయ్, బాగున్నారమ్మా" అన్నాను.

"ఆయ్" అని, లోపలికెళ్ళిపోయింది.

అంతే. కోపంగా అనలేదు. నిష్ఠూరంగా కూడా అనలేదు. నిజంగానే నా పిల్లల క్షేమం అడిగిందేమో, ఈ రోజుకీ నాకు తెలీదు. ఆ రాత్రినుంచి ఆ వచనం మీద నేను ప్రసంగించలేదు. వచనం తప్పు కాదు. దాన్ని రాసిన పౌలు దెబ్బలు తిన్నాడు, ఓడ పగిలి సముద్రంలో పడ్డాడు, తన ఒంటిమీది దెబ్బలు చూసుకుని రాశాడు. నేను ఒక్క దెబ్బా తగలని ఒంటితో నిలబడి చెప్పాను.

నా వెనకాల కూర్చున్న నాన్న ఆ పూట ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే గొడ్డలి తీసుకుని ఆ ఇంటికెళ్ళాడు. పడ్డ చెట్టు ఇంకా ఇంట్లోనే ఉంది. తల నరికి, మాను ముక్కలు చేసి, ఒక్కో ముక్కా బయటికి దొర్లించాడు. ఆ మధ్యాహ్నం ఆమె మొదటిసారి అన్నం తిందని మా అమ్మ చెప్పింది. నాన్నకి అప్పటికి అరవై దాటాయి. ఎక్కడానికి చెట్లు లేవు కాబట్టి ఖాళీగానే ఉన్నాడు. కొబ్బరికి మొవ్వు విరిగితే ఆ చెట్టు ఇంక బతకదు. లక్షల చెట్లు పోయాయి. మొక్క నాటితే దేశవాళీ రకం కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. రైతుకి పరిహారం మీద ఆశ ఉంది. దింపువాడికీ ఒలుపువాడికీ ఏ చెట్టూ సొంతం కాదు కాబట్టి, ఏ చెట్టూ పోనట్టే లెక్క.

ఆ తర్వాత యోబు గ్రంథం మళ్ళీ తెరిచాను. అంతకుముందు ఎన్నిసార్లు చదివానో, ఒక్క సంగతి కళ్ళకి ఆనలేదు. యోబు పిల్లలు పదిమంది పోయింది గాలికే. ఎడారి వైపునుంచి పెద్ద గాలొచ్చి ఇంటి నాలుగు మూలలా కొట్టింది, ఇల్లు వాళ్ళమీద కూలింది. మొదటి అధ్యాయంలోనే ఉంది. మా పేట సంగతి అక్షరం తేడా లేకుండా ఉంది.

ఎలీఫజు, బిల్దదు, జోఫరు అని ముగ్గురు స్నేహితులు వస్తారు. వాళ్ళని మనం తిడతాం గానీ, మొదట వాళ్ళు చేసిన పని గొప్పది. దూరంనుంచి చూసి ఏడ్చారు, ఏడు పగళ్ళూ ఏడు రాత్రులూ యోబుతో నేలమీద కూర్చున్నారు. ఒక్క మాట మాట్లాడలేదు. ఏడు రోజులు నోరు మూసుకుని కూర్చున్న పరామర్శ మన ఊళ్ళల్లో నేనింతవరకు చూడలేదు. ఎనిమిదో రోజున నోళ్ళు తెరిచారు, అక్కడ పాడైంది. వాళ్ళు చెప్పినదాంట్లో అబద్ధం తక్కువే, సగం మాటలు మన పులపీటల మీద ఇప్పటికీ నడుస్తున్నాయి. దేవుడు న్యాయవంతుడు, ఊరికే శిక్షించడు, ఏదో పాపం ఉండే ఉంటుంది, ఒప్పుకో, బాగుపడతావు. పుస్తకం చివర దేవుడు కోప్పడింది ఎవరిమీద? తనని నిలదీసి, పుట్టిన రోజుని శపించి, కోర్టుకి రమ్మన్నంత పనిచేసిన యోబు మీద కాదు. తనని వెనకేసుకొచ్చినవాళ్ళ మీద. యోబు మాట్లాడినట్టు మీరు నా గురించి సరిగా మాట్లాడలేదు అన్నాడు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకునేవాళ్ళందరూ వారానికొకసారి ఆ నలభై రెండో అధ్యాయం చదవాలని నా మనవి.

గాలి సంగతి ఇంకా ఉంది. పిల్లల్ని మింగింది గాలి. చివరికి దేవుడు యోబుతో మాట్లాడిందీ సుడిగాలిలోంచే. మరి హోరేబు కొండమీద ఏలీయా దగ్గరికి పెద్ద గాలొచ్చినప్పుడు, దేవుడు ఆ గాలిలో లేడని రాజుల గ్రంథం చెబుతుంది. ఇక్కడ గాలిలో ఉన్నాడు, అక్కడ గాలిలో లేడు. ఈ రెంటినీ కలిపి ఒక్క సిద్ధాంతం చేద్దామని నేను చాలా తంటాలు పడ్డాను. పుస్తకమే కలపలేదు, నేనెందుకు కలపాలి? ఆ తుపాను దేవుడు పంపాడా అని నన్నడిగితే, జవాబు తెలిసిన మనిషిలా నేను మాట్లాడను. ఒకటి మాత్రం ధైర్యంగా అంటాను. పోయినవాళ్ళు మనకంటే పాపులని అన్నవాడికి లేఖనంలో నిలబడే చోటు లేదు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చచ్చిపోతే, వాళ్ళు యెరూషలేములో ఉన్న మిగతావాళ్ళకంటే నేరస్థులా అని యేసే అడిగి, కాదని యేసే చెప్పాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపమని శిష్యులడిగితే, వాడిదీ కాదు, వాణ్ణి కన్నవాళ్ళదీ కాదని చెప్పి, ఉమ్మితో బురద కలిపి పనిలో పడ్డాడు. మా నాన్న గొడ్డలి గుర్తొస్తుంది నాకు అక్కడ.

యోబుకి చివర్లో అన్నీ రెండింతలు వచ్చాయంటారు. లెక్క చూడండి. ఏడువేల గొర్రెలకి పద్నాలుగు వేలు, మూడువేల ఒంటెలకి ఆరువేలు. పిల్లలు మాత్రం మళ్ళీ పదిమందే. రెండింతలు కాలేదు. పోయిన పదిమంది ఎక్కడో ఉన్నారు కాబట్టే అలా అని కొందరు పెద్దలు వ్యాఖ్యానం చేస్తారు, అది అందంగానే ఉంటుంది. నాకు వేరేగా తోస్తుంది. పోయిన పిల్లల్ని గొర్రెల్లా లెక్కకట్టడం ఆ పుస్తకం రాసినవాడికి చేత కాలేదు.

ఏడుపు గురించి కూడా చెప్పాలి. మన ఆడవాళ్ళు శోకాలు పెట్టడం మీలో పెద్దవాళ్ళు వినే ఉంటారు. తల విరబోసుకుని, పోయినవాణ్ణి వరసపెట్టి పిలుస్తూ, వాడు తిన్నదీ తిననిదీ, తిట్టిందీ నవ్వించిందీ ఎత్తుకుంటూ, ఒక లయలో ఏడ్చేవారు. మా నాయనమ్మ శోకం ఎత్తితే పక్క పేటవాళ్ళు కూడా ఏడ్చేవారు. విశ్వాసుల ఇళ్ళల్లో అది అన్యాచారమని మాన్పించారు. నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖపడొద్దన్న పౌలు మాట అడ్డం పెట్టారు. పౌలు దుఃఖపడొద్దనలేదు, వాళ్ళలా పడొద్దన్నాడు. మన సంఘాలు ఆ చివరి ముక్క మింగేశాయి. యిర్మీయా దగ్గరికెళితే, ఏడవడం బాగా తెలిసిన ఆడవాళ్ళని పిలిపించమని, వాళ్ళు తమ కూతుళ్ళకీ నేర్పాలని ఉంటుంది. విలాపవాక్యములు మొత్తం అయిదు అధ్యాయాలు. వాటిలో నాలుగు హెబ్రీ అక్షరమాల వరసలో కట్టినవి, మొదటి అక్షరంనుంచి ఇరవై రెండో అక్షరం దాకా, ఒక్క అక్షరం కూడా ఏడవకుండా వదల్లేదు. కీర్తనల్లో ఎనభై ఎనిమిదోది చీకట్లోనే ముగుస్తుంది, చివర స్తుతి లేదు. మన ఆరాధన క్రమంలో అది చదివింది ఎప్పుడో ఎవరికైనా గుర్తుందా? లాజరు సమాధి దగ్గర ఇంకాసేపట్లో వాణ్ణి లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. ఆ వచనం చిన్నదని సండేస్కూలు పిల్లలు కంఠత వాక్యానికి అదే ఎంచుకుంటారు. పిల్లలకి వచ్చిందే పెద్దలకి కష్టమైంది.

ఇప్పుడు మన కూటాల్లో సాక్ష్యాల సమయం ఉంటుంది. జబ్బు తగ్గినవాళ్ళు, వీసా వచ్చినవాళ్ళు, కొడుకుకి సీటు వచ్చినవాళ్ళు లేస్తారు. సంతోషమే. మా అక్కకి కిడ్నీలు పాడైనప్పుడు ఒక స్వస్థత కూటానికి తీసుకెళ్ళాం. నూనె రాశారు. తగ్గలేదు. నీ విశ్వాసం చాల్లేదమ్మా అన్నారు. ఆ కూటం పేరు ఇక్కడ అక్కర్లేదు. ఇంకో ఎనిమిది నెలలు బతికింది, ఆ ఎనిమిది నెలలూ నా విశ్వాసం నిజంగానే తక్కువా తమ్ముడూ అని అడుగుతూ ఉంది. జబ్బు ఒక బరువు, దాని మీద ఇదొకటి. తగ్గనివాళ్ళు లేచి, "నాకు తగ్గలేదు, ఇంకా ప్రార్థిస్తున్నాను" అని సాక్ష్యం చెప్పే ఆదివారం ఒకటి మన సంఘాల్లో రావాలి.

'ఆదరణ' అన్న మాట దగ్గరికొస్తాను. ఇదీ శ్రమ లాంటిదే, దీనికీ లోపలొక అర్థం, బయటొక అర్థం. బైబిల్లో పరిశుద్ధాత్మకి ఆదరణకర్త అని పేరు, అంటే ఓదార్చేవాడు. ఊళ్ళో ఆదరించడమంటే ఇంటికొచ్చినవాడికి కాళ్ళకి నీళ్ళిచ్చి అన్నం పెట్టడం. మన సీమలో ఆ మాటకి అర్థం అడిగితే నేను లంకల గన్నవరం వైపు చెయ్యి చూపిస్తాను. 1841లో పుట్టి 1909లో పోయిన డొక్కా సీతమ్మగారు. ఏరు దాటి వచ్చినవాళ్ళకి వేళ కాని వేళ అయినా వండి పెట్టిందా ఇల్లాలు. సంస్థానం లేదు, ట్రస్టు లేదు, పొయ్యి ఉంది. ఎందుకు ఆకలేసింది, ఎవరి పాపం, నీ విశ్వాసమెంత అని అడిగినట్టు ఎవరూ చెప్పుకోరు. అక్కడి కొత్త అక్విడక్టుకి ఆమె పేరు పెట్టారు. ఆమె క్రైస్తవురాలు కాదు కదా, ఈ సభలో ఎందుకని ఎవరికైనా అనిపిస్తే, నాకు ఆకలేసింది మీరు పెట్టారు అన్న తీర్పు రోజు ఉపమానంలో సంఘ సభ్యత్వం అడిగారేమో మత్తయి ఇరవై అయిదులో చూసి చెప్పండి.

ఇంకొక శ్రమ ఉంది. దాని గురించి మనం గుసగుసగానే మాట్లాడతాం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూమతం కానివాళ్ళు షెడ్యూల్డ్ కులాల్లోకి రారు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు, మన రాష్ట్రంలో వాళ్ళకి బీసీ-సీ. బాప్తిస్మం తీసుకుంటే కులం పోతుందని కాగితం అంటుంది. ఊరు అనదు, ఊళ్ళో ఏదీ పోదు. అందుకని మన పేటల్లో ఎందరికో రికార్డులో ఒక పేరు, సంఘంలో ఒక పేరు. పిల్లాడి చదువు కోసం ఒక తల్లి పుచ్చుకున్న నిర్ణయాన్ని వేలెత్తి చూపడం నా వల్ల కాదు. పులపీట ఎక్కి "ధైర్యంగా ఒప్పుకోండి" అనేవాళ్ళు ముందు ఆ పిల్లాడి ఫీజు కట్టాలి. ఆ తుపానులో పోయినవాళ్ళకీ కొందరికి ఇలాగే రెండు పేర్లు. పరిహారం కాగితం మీద ఒకటి, సమాధి సిలువ మీద ఒకటి.

ఆమె సంగతి అడుగుతారేమో, ఆ కొడుకు పోయిన తల్లి. చాలా ఏళ్ళు బతికింది. ప్రతి ఆదివారం మందిరానికి వచ్చేది, గోడ పక్క అదే చోట కూర్చునేది, పాటల్లో సగం పాడేది, సగం పాడేది కాదు. ఏ సగమో నేను గమనించలేదు, గమనించి ఉండాల్సింది. నాన్న పోయినప్పుడు మా ఇంట్లో ఆదరణ కూటానికి వచ్చింది. ఏమీ మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు వంటింట్లో అంట్లు తోమి వెళ్ళింది.

నా తర్వాత వాక్యం చెప్పడానికి ఎవర్నీ పిలవొద్దని నిర్వాహకుల్ని కోరాను, ఒప్పుకున్నారు. ఇప్పుడు పేర్లు చదువుతారు. రెండు పేర్లున్నవాళ్ళవి రెండూ చదువుతారు. గల్లంతైనవాళ్ళని వేరే జాబితా చెయ్యలేదు, అందరూ ఒకే వరసలో వస్తారు. మీవాళ్ళ పేరు వినిపించినప్పుడు ఏడుపొస్తే ఆపుకోకండి, ఎవరూ వారించరు. లేచి నిలబడక్కర్లేదు, కూర్చునే వినండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చాలామంది వచ్చారు.